మా అత్త ఇంట్లో చెత్త లేదు

మున్సిపాలిటీ వాళ్ళు మా వీధిలో ఇంటికి రెండు బకెట్లు పంచినారు. ఒకటి పచ్చది, ఒకటి నీలంది. పచ్చదాంట్లో తడి చెత్త, నీలందాంట్లో పొడి చెత్త వేయల్ల అని చెప్పి, సంతకం పెట్టించుకొని పోయినాడు పంచిన ఆయన. మా అత్త రెండింటినీ తిరగేసి, అడుగున వేళ్ళతో కొట్టి చూసింది, కుండ కొనేటప్పుడు కొట్టి చూసినట్ల.

"గట్టివే. మూతలు కూడా ఉండాయి" అనింది.

మా ఊర్లో కొళాయి నీళ్ళు ఐదు రోజులకొకసారి వస్తాయి. ఎండాకాలంలో వారం పట్టినా అడిగే నాథుడు లేడు. బకెట్లు పంచిన మర్నాడే నీళ్ళు వదిలినారు. ఆ పొద్దు ఏ ఇంటి ముందర చూసినా పచ్చ బకెట్టు, నీలం బకెట్టు, రెండూ నిండా నీళ్ళే. మూతలుండేదానికి దోమలు కూడా చేరవని ఒకరికొకరు చెప్పుకొని, ఇన్నేళ్ళకు ఒక మంచి పని చేసినారని మున్సిపాలిటీని మెచ్చుకున్నారు.

నాకు మాత్రం తల కొట్టేసినట్టు ఉండింది. ఎందుకంటే నేను టీచర్ని. రోజూ బస్సెక్కి సోమందేపల్లెకు పోయి, ఒక ప్రైవేటు బడిలో మూడో తరగతికి పాఠాలు చెప్తాను. తడి చెత్త, పొడి చెత్త పాఠం కూడా నాదే. అరటి తొక్క యాడికి, పెన్ను మూత యాడికి అని చార్టు మీద బొమ్మలు అతికించి పిల్లల చేత అప్పజెప్పించుకుంటాను. అట్లాంటిది నా ఇంట్లోనే చెత్త బకెట్టులో కడవలో పోసినట్టు నీళ్ళు.

"అత్తా, అవి చెత్తకిచ్చినవి" అన్నాను.

"కొత్త బకెట్లలో ఎవురన్నా చెత్త వేస్తారామ్మా?" అనింది. "అయినా మనింట్లో చెత్త యాడుండాది?"

ఆ మాట ఆమె ఊరికే అనలేదు. పెండ్లయి ఈ ఇంటికి వచ్చిన కొత్తలో నేను రెండు రోజులు చెత్తబుట్ట కోసం వెతికినాను. దొరకలేదు. మూడో రోజు అడిగితే, "అదెందుకు?" అనింది. నిజంగానే తెలియక అడిగింది.

కూరగాయల తొక్కలు, గంజి, బియ్యం కడిగిన నీళ్ళు గోడ అవతల పక్కింటివాళ్ళ ఎనుముకు పోతాయి. ఆ ఎనుము పాలు డెయిరీకి పోతాయి, పేడ మాత్రం మా కరేపాకు చెట్టుకు వస్తుంది. చెనిక్కాయ పొట్టు నీళ్ళు కాచే పొయ్యిలోకి. కొబ్బరి చిప్ప కూడా పొయ్యిలోకే గానీ, దానికి ముందు ఒక ఏడాది ఉప్పు జాడీలో గరిటె ఉద్యోగం చేయల్ల. పాత చీరలు బొంతకు. తల దువ్వుకుంటే ఊడిన వెంట్రుకలను చుట్టి గోడ సందులో పెట్టి, స్టీలు సామాన్ల ఆమె వచ్చినప్పుడు ఇచ్చి గిన్నె తీసుకుంటుంది. పాల ప్యాకెట్లను కడిగి, గుడ్డలారేసే తాడు మీద క్లిప్పులు పెట్టి ఆరేస్తుంది. కొత్త చుట్టాలు ఎవరన్నా వస్తే వాటి దిక్కు అట్లే చూస్తా కూర్చుంటారు. ఒక కట్ట అయినాక పాత సామాన్లు కొనే గుజిరీ అంగడికి వేసి కూరకు ఎర్రగడ్డలు తెచ్చుకుంటుంది. మా ఆయనకు బోరు మోటార్లకు వైండింగ్ చేసే అంగడి ఉండాది. ఆయన చొక్కా జేబులో పడి వచ్చిన రాగి తీగ ముక్కలకు కూడా ఒక సీసా ఉండాది.

కాబట్టి మా అత్త ఇంట్లో చెత్త లేదు. చెత్తంతా నా దగ్గరే ఉండేది.

షాంపూ పొట్లాలు, బిస్కెట్ కవర్లు, నూడుల్స్ కవర్లు. ఫోన్లో చూసి తెప్పించుకునే కమ్మలు, రబ్బరు బ్యాండ్లు, వాటికొచ్చే అట్టపెట్టెలు, టపటపమని పేలే బుడగల ప్లాస్టిక్. కొత్తలో ఒకసారి ఒక చిప్స్ కవరు మా అత్త కంట పడింది. తిట్టలేదు. తిట్టినా బాగుండేది. లోపల వెండి మాదిరి మెరిసే ఆ కవరును కడిగి, ఆరబెట్టి, "ఇంత బాగుండే దాన్ని దేనికి వాడతారమ్మా?" అని అడిగింది. నాలుగు రోజులు దాన్ని తిప్పి తిప్పి చూసి, చివరకు కత్తిరించి దేవుని పటం వెనక గోడకు అతికించింది. ఇంక రోజూ దీపం పెట్టేటప్పుడు నేను తిన్న చిప్స్ దేవుని వెనక తళతళలాడేది.

ఆ దెబ్బతో నేను దొంగనయినాను. నా చెత్తనంతా మడిచి హ్యాండ్‌బ్యాగులో అడుగున పెట్టుకొని, బస్సులో సోమందేపల్లెకు తీసుకపోయి, బడిలో చెత్తడబ్బాలో వేసేదాన్ని. పదకొండేళ్ళు అట్లే జరిగింది. నా చెత్త తిరిగినంత దూరం మా ఇంట్లో కొందరు మనుషులు కూడా తిరగలేదు.

బకెట్లు పంచిన వారానికి చెత్త బండి మొదలయింది. తోపుడు బండి, దానికి రెండు అరలు. దాన్ని నెట్టుకొచ్చేది నలభై ఏళ్ళామె. మెడలో ఒక ఈల, ఇంకో తాడుకు ఫోను. పొద్దున ఏడింటికి ప్రతి గేటు ముందర నిలబడి ఈల వేసేది. గేటుకు అతికించిపోయిన నలుపు తెలుపు గళ్ళ చీటీకి ఫోను చూపించి, ఇచ్చిన చెత్తకు ఫోటో తీసుకొని ముందుకు పోయేది.

"పెద్దమ్మా, చెత్త!"

"లేదు పోమ్మే" అనింది మా అత్త.

"లేకుండా ఎట్లుంటుంది పెద్దమ్మా?"

"బియ్యం లేవంటే నమ్ముతారు, దుడ్లు లేవంటే నమ్ముతారు. చెత్త లేదంటే నమ్మరా?"

రెండో రోజు అదే. మూడో రోజు ఆమె బండిని పక్కకు పెట్టి, మా అరుగు మీద కూర్చున్నది. ఫోను తీసి మా అత్తకు చూపించింది.

"ఇదో చూడు. వీధిలో అన్ని ఇండ్లూ పచ్చగా ఉండాయి. మీ ఇల్లొకటే ఎర్రగా పడతాంది. చెత్త ఫోటో పెడితేనే పచ్చగయ్యేది. మీరు ఇయ్యకపోతే, నేను ఈడికి రాకుండానే పోయినానని ఆఫీసులో అనుకుంటాండారు. దినామూ మాటలు పడతాండా."

మా అత్తకు ఫోను సరిగా కనపడలేదు గానీ, ఆమె మొహం కనపడింది.

"నీ కూటికి అడ్డమొస్తాందా?"

"ఔ పెద్దమ్మా."

"ఆ ముక్క ముందే చెప్పల్ల కదమ్మే! రేపు రా. ఏదో ఒకటి చూసి పెడతాలే."

ఆ సాయంత్రం మా అత్త ఇల్లంతా తిరిగి చెత్త వెతికింది. పెండ్లి చూపులకు పట్టుచీర వెతికినట్టు వెతికింది. ఏది ముట్టుకున్నా దానికొక పని గుర్తొచ్చి మళ్ళీ లోపల పెట్టేది. చివరకు అరిగిపోయి పిడికెడయిన పొరక ఒకటి దొరికింది.

తెల్లారి బండి ఆమె సంతోషంగా దాన్ని అందుకొని ఫోటో తీసింది. తీసిన వెంటనే మా అత్త చేయి చాపింది.

"ఫోటో అయిపాయె గదా, ఇట్లియ్యి. దీంతో అటక మీద బూజు దులపొచ్చు."

వారం రోజులు ఆ పొరకే రోజూ గేటు దాకా పోయి, ఫోటో దిగి, లోపలికి వచ్చింది. ఎనిమిదో రోజు బండి ఆమె తలకాయ గోక్కుంటా, "పెద్దమ్మా, ఆఫీసులో అడుగుతాండారు, ఆ ఇంట్లో రోజుకొక పొరక అరుగుతాందా అని" అనింది.

అప్పుడు మా అత్తకు పక్కింటి ఆలోచన వచ్చింది. ఎనుమును సాకే ఆమె ఇంట్లో చెత్తకు కొదవలేదు. మా అత్త గోడ మీది నుంచి పిలిచి, పంచదార చేబదులు అడిగినట్టు, "ఒక సంచి చెత్త ఉంటే ఇయ్యమ్మే" అని అడిగింది. పక్కింటామె ఇంకేమీ ఆలోచించకుండా నిండా ఒక సంచి ఇచ్చింది.

సంచిని అట్లే గేటు దగ్గర పెట్టింటే కథ అయిపోయేది. మా అత్త దాన్ని విప్పి చూసింది. నేను బడి నుంచి వచ్చేసరికి తిన్నె మీద ఒక డబ్బా మూత, రెండు రబ్బరు వాషర్లు, సగం వాడిన కొవ్వొత్తి, పిడి లేని గరిటె కడిగి ఆరబెట్టి ఉండాయి. సంచి అడుగున గుప్పెడు చెత్త కూడా మిగల్లేదు.

"చూడమ్మా, ఈ మూత మన కందిపప్పు డబ్బాకు పోతపోసినట్టు సరిపోయింది" అని బిగించి చూపించింది.

రెండు రోజులకు పక్కింటామె కరేపాకు కోసమని వచ్చి, అల్మారాలో ఆ మూతను గుర్తుపట్టింది.

"అది మాది గదా?"

"నువ్వు పారేసినావు గదమ్మే."

"నేను పారేసింది మున్సిపాలిటీకి. నీకు కాదు!"

మాట పెరిగింది. ఆమె కరేపాకు తీసుకోకుండానే పోయింది. మా అత్త కూడా పట్టుదలగా తొక్కలు గోడ అవతలికి ఇయ్యలేదు. తొక్కలు ఒక గంపలో చేరినాయి. నేను లోపల్లోపల సంతోషపడినాను, ఇన్నాళ్ళకు మా ఇంట్లో తడి చెత్త పుట్టిందని. బండి ఆమెకు చెప్తే ఆమె కూడా సంబరపడి, రేపు ముందు మీ ఇంటికే వస్తానన్నది. కానీ ఈ తగాదాతో సంబంధం లేనిది ఎనుము ఒకటే. మూడో రోజు పొద్దున అది గోడ మీద గడ్డం ఆనించి మా అత్తనే చూస్తా అరిచింది. మా అత్త కాసేపు చూడనట్టే నటించి, తర్వాత గంపెత్తుకొని పోయింది. మూత కూడా తీసుకపోయి ఇచ్చేసింది. పక్కింటామె మొహమాటానికి, "నువ్వే పెట్టుకో, నా డబ్బా ఎప్పుడో పగిలిపాయె" అనింది. బండి ఆమె వచ్చేసరికి ఖాళీ గంప మిగిలింది. దానికే ఫోటో తీసుకొని పోయింది.

దసరా సెలవుల్లో ఒక పొద్దున మున్సిపాలిటీ నుంచి ఒక అధికారి వచ్చినాడు. చిన్న వయసే, నెమ్మదస్తుడు. ఆయన వెనక బండి ఆమె తల దించుకొని నిలబడింది.

"పెద్దమ్మా, తప్పుగా అనుకోవద్దు. ఈ ఇంటి నుంచి చెత్త రావడం లేదు. వచ్చినా పొరక, ఖాళీ గంప, అట్లాంటివి వస్తాండాయి. మీరు చెత్తంతా ఇంటి వెనక పారే వంకలో పారబోస్తాండారని అనుమానంగా ఉండాది. లేకపోతే ఈమె సరిగా రావడం లేదని రాసుకోవల్ల."

మా అత్త ఎంత పెద్ద మాటకయినా గట్టిగా బదులిచ్చే మనిషి. ఆ పొద్దు మాత్రం కండ్లు ఎర్రబడినాయి.

"వంకలో పారబోస్తానా నేను?" అని మెల్లగా అని, "రాప్పా లోపలికి" అనింది.

ఆయన చేయి పట్టుకోలేదు గానీ, పట్టుకున్నంత పనే చేసింది. పొయ్యి చూపించింది, పొట్టు మూట చూపించింది. గోడ సందులో వెంట్రుకల ఉండ తీసి చేతిలో పెట్టింది. తాడు మీద పాల ప్యాకెట్లు, రాగి తీగల సీసా, బొంతలు, గోడ అవతల ఎనుము, అన్నీ చూపించింది. ఆయన చెప్పులు విప్పి ఆమె వెనకే తిరిగినాడు. చివరకు మెట్ల కింద అరలో చీరముక్కల మూటలు చూసి, "ఇన్ని ఎందుకు దాచిపెట్టినారు పెద్దమ్మా?" అన్నాడు.

"చెత్త కావల్లంటే ఏదన్నా మిగలల్ల గదప్పా" అనింది మా అత్త. "గోరంట్ల పక్కన మాది మెట్ట సేద్యం. విత్తనం వేస్తే వాన రాదు, వానొస్తే విత్తనం ఉండదు. ఒక ఏడు ఇంటి కప్పు మీద బోద గడ్డి పీకి ఎద్దులకు వేసినాడు మా నాయన. ఇంగేం మిగులుతుంది? పారేసేది నాకు ఎవరూ నేర్పీలేదు."

ఆయన చేతిలో కాగితం మడిచినాడు, మళ్ళీ విప్పినాడు. ఆయన ఉద్యోగం ఆయనది.

"మీరు చెప్పేదంతా నిజమే పెద్దమ్మా. కానీ ఈ కాలంలో ప్యాకెట్లు రాని ఇల్లు ఉంటుందా? బిస్కెట్లు, షాంపూలు, పార్సిళ్ళు? వాటి కవర్లు యాడ? ఒక్కటి కూడా కనపడదే!"

మా అత్త నడుము మీద చేయి పెట్టుకుంది.

"మా ఇంటికి అట్లాంటివి రావు. మా కోడలు చదువుకున్నా, ఉద్యోగం చేస్తాన్నా, ఒక్క కవరు ఇంట్లోకి తేదు. బంగారం అట్లాంటి పిల్ల."

పదకొండేళ్ళలో ఆమె నన్ను మెచ్చుకోవడం అదే మొదలు. బడికి సెలవులు. పది రోజులుగా సోమందేపల్లె బస్సు ఎక్కలేదు. పది రోజుల చెత్త బీరువాలో నా పట్టుచీరల వెనక ఒక సంచిలో ఉండాది.

నోరు మూసుకొని ఉండింటే బంగారంగానే ఉండిపోయేదాన్ని. కానీ బండి ఆమె దిక్కు చూసినాను. ఆమె గేటు పట్టుకొని, ఈలను వేళ్ళతో తిప్పుకుంటా నేల చూస్తాంది. ఆయన జేబులోంచి పెన్ను తీసినాడు.

"ఒక్క నిమిషం ఆగన్నా" అని లోపలికి పోయినాను. సంచి తెచ్చి తిన్నె మీద కుమ్మరించినాను. హ్యాండ్‌బ్యాగు కూడా తిరగేసినాను. షాంపూ పొట్లాలు, బిస్కెట్ కవర్లు, కమ్మల పెట్టె, పెట్టెలో పెట్టె, దాంట్లో ఇంకో చిన్న పెట్టె. బుడగల ప్లాస్టిక్ మెల్లగా విప్పుకుంటా తిన్నె దిగి మా అత్త పాదాల దాకా వచ్చింది.

ముందుగా తేరుకున్నది బండి ఆమె.

"పెద్దమ్మా! మీ ఇంట్లో చెత్త ఉండాదే!" అని అరిచింది, జాతరలో తప్పిపోయిన బిడ్డ దొరికినట్టు. పరిగెత్తుకొచ్చి నాలుగు దిక్కుల నుంచి నాలుగు ఫోటోలు తీసింది. "పచ్చగయింది సార్, చూడండి, పచ్చగయింది!"

ఆయన నవ్వు ఆపుకొనేదానికి ఎనుము దిక్కు తిరిగినాడు. కాగితం జేబులో పెట్టుకొని, "సరే పెద్దమ్మా, ఇంక ఏ ఇబ్బందీ లేదు" అని చెప్పులు వేసుకున్నాడు.

వాళ్ళు పోయినాక మా అత్త తిన్నె మీద కూర్చున్నది. ఒక షాంపూ పొట్లం తీసి అటూ ఇటూ తిప్పింది.

"ఎన్ని దినాల నుంచి?"

"పెండ్లయినప్పటి నుంచి."

"యాడ పారేస్తాంటివి?"

"సోమందేపల్లెలో, మా బడిలో."

"బస్సులో మోసుకపోయా?"

"ఊఁ."

ఆమె పొట్లాన్ని మడిచి పక్కన పెట్టింది. కవర్ల గురించి ఏదో అంటుందని నేను కాచుకొని ఉంటిని.

"నాకు చెప్పేకి అంత భయమా నీకు?" అనింది చివరకు. "నేనేమన్నా కొరుకుతానా?"

తిట్టే గొంతు కాదు అది. నొచ్చుకున్న గొంతు. పోయి ఆమె పక్కన కూర్చున్నాను. చిప్స్ కవరు సంగతి చెప్పినాను, దేవుని పటం వెనక అది మెరిసినప్పుడల్లా నాకు ఎట్లుండేదో చెప్పినాను. ఆమె నోరు తెరిచి నన్నే చూసి, "నీకు సిగ్గుగా ఉంటుందని నాకేం తెలుసమ్మా? అది మెరుస్తాంటే బాగుండాదని పెట్టినా" అనింది. తర్వాత ఇద్దరికీ నవ్వొచ్చింది. ముందు ఎవరికి వచ్చిందో గుర్తు లేదు.

లేచి, నీలం బకెట్టులోని నీళ్ళను చుక్క కింద పడకుండా కడవల్లోకి వంచింది. కడవలు నిండితే మిగతావి చెంబుల్లోకి, గ్లాసుల్లోకి కూడా పోసింది. బకెట్టును గుడ్డతో తుడిచి నా ముందర పెట్టింది.

"ఇది నీది. ఇంక బస్సులో మోయాకు."

నేను ఆ రోజు నుంచి మారిపోయినానని రాస్తే అది అబద్ధం. కమ్మలు ఇప్పటికీ తెప్పించుకుంటాను. కాకపోతే పార్సిల్ వచ్చినప్పుడల్లా మా అత్త పక్కన కూర్చొని చూస్తుంది. పెట్టెలోంచి పెట్టె తీస్తా పోతాంటే, "ఇంగా రాలేదా?" అని అడుగుతుంది. ఆ ఒక్క ప్రశ్నకు భయపడి కొన్ని పార్సిళ్ళు మానుకున్న మాట నిజం. బండి ఆమె ఇప్పుడు మా గేటు దగ్గర ఈల వేయదు. నేరుగా అరుగెక్కి కూర్చొని, టీ తాగి, నా బకెట్టు తీసుకొని పోతుంది. అప్పుడప్పుడు బండిలోంచి ఒక మంచి సీసానో, మూతనో తీసి, "పెద్దమ్మా, ఇది నీకు పనికొస్తుందేమో చూడు" అని ఇచ్చి పోతుంది కూడా.

శుభ్రత మాటలు చెప్పేదానికి ఒక ఆదివారం వార్డులో ఆడవాళ్ళ మీటింగు పెట్టినారు. ఆ అధికారి స్వయంగా ఇంటికొచ్చి మా అత్తను పిలిచినాడు, చెత్త తగ్గించేది ఎట్లనో రెండు మాటలు చెప్పమని. మా అత్త మంచి చీర కట్టుకొని వచ్చింది. ఆయన ఆమె గురించి పొడుగ్గా చెప్పి మైకు చేతికిచ్చినాడు. మా అత్త దాన్ని కూడా తిరగేసి, అడుగున కొట్టి చూసింది. అందరి చెవులూ గుయ్యిమన్నాయి.

"నాకు చెత్త చేసేది చేతకాదు" అనింది. "మా కోడలికి చేతనవుతుంది. మీ బాధలు ఆ పిల్లకే తెలుస్తాయి. ఆమెనే అడగండి."

మైకు నా చేతికొచ్చింది. రోజూ మూడో తరగతి ముందర నిలబడే దాన్ని, అదే పాఠం మొదలుపెట్టబోయి, ఆపి, హ్యాండ్‌బ్యాగు సంగతి చెప్పినాను. సోమందేపల్లె బస్సు, బీరువాలో పట్టుచీరలు, తిన్నె మీద కుమ్మరించింది, మా అత్త నీలం బకెట్టు నాకిచ్చింది, అన్నీ. ఆడవాళ్ళు చీర కొంగులు నోట్లో పెట్టుకొని నవ్వినారు. మా అత్త అందరికన్నా గట్టిగా నవ్వింది.

మీటింగు అయినాక మెట్లు దిగుతాంటే నా వెనకే ఒకామె వచ్చి మోచేయి పట్టుకున్నది. నాకన్నా పదేళ్ళు పెద్దది, మా వీధి చివరింటామె. పక్కన ఎవరూ లేరని చూసుకొని, చెవి దగ్గరకు వంగింది.

"నా కవర్లు నేను బియ్యం డబ్బాలో దాస్తానమ్మా" అనింది. "ఆ నీలం బకెట్టు విషయం మా అత్తకు ఎట్ల చెప్పల్ల?"